ఆరు గంటల ఇరవై నిమిషాలు

రంగు చేపల వ్యాపారంలో ఉన్నవాళ్లందరూ ఆయన్ని గాలి మామయ్య అంటారు. పేరు విని గాలి కబుర్లు చెప్పే మనిషి అనుకునేరు. ఆయనకి అసలు మాటలే తక్కువ. ఆయన పనే గాలి నింపడం. చేపల్ని నీళ్లతో సహా ప్లాస్టిక్ సంచిలో వేసి, పైన ఆక్సిజన్ పట్టించి, మూతి బిగించి, విమానం ఎక్కేలా థర్మోకోల్ పెట్టెల్లో సర్దుతాడు. ముప్పై నాలుగేళ్లుగా అదే పని. ఇక్కడ కట్టిన సంచిని ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనిషి విప్పేదాకా లోపలి చేప బతికుండాలి. చెప్పుకోవడానికి ఇంతే.

మొదట్లో ఆయనది సైకిలు పంక్చర్ల కొట్టు. ఒకరోజు ఓ చేపల వ్యాపారి బస్సు తప్పిపోయి, చేతిలో సంచి మెత్తబడిపోతుంటే లబోదిబోమంటూ పరుగెత్తుకొచ్చాడు. "నీ పుణ్యముంటుంది, కాస్త గాలి కొట్టవయ్యా" అన్నాడు. కొట్టాడు. చేపలు బతికాయి. మర్నాడు ఆ వ్యాపారి మళ్లీ వచ్చి, ఈసారి మనిషినే పట్టుకుపోయాడు. అప్పటినుంచి మా గాలి మామయ్య సైకిళ్ల మొహం చూడలేదు.

ఈ పనిలో దూరాన్ని కిలోమీటర్లలో కొలవరు, గంటల్లో కొలుస్తారు. పన్నెండు గంటల కట్టు వేరు, ఇరవై నాలుగు గంటల కట్టు వేరు, నలభై గంటల కట్టు వేరు. గంటలు పెరిగేకొద్దీ సంచిలో చేపలు తగ్గాలి. గాలి అయిపోవడం ఒక్కటే కాదు, చేప విడిచే మలినానికి చివరికి దాని నీళ్లే దానికి విషమవుతాయి. ఎన్ని గంటలో చెబితే చాలు, ఎన్ని నీళ్లు, ఎన్ని చేపలు, ఎంత గాలి అనేది ఆయన వేళ్లు చూసుకుంటాయి. ఇంట్లోనూ అదే ధోరణి. ఇంటావిడ చెల్లెలింటికి వెళ్లొస్తానంటే, "నాలుగు గంటల కట్టు" అంటాడు. "నన్నూ ఒక సంచిలో కట్టి పంపించండి, మీకూ ఒక పనైపోతుంది" అంటుంది ఆవిడ. ఆయన నవ్వడు. నిజంగానే ఆలోచిస్తున్నాడేమో అని ఆవిడకి అనుమానం.

ఇక ఆయన మేనకోడలి సంగతి. సొంత చెల్లెలి కూతురు. రక్త పరీక్షల ల్యాబులో కుదురైన ఉద్యోగం. అది మానేసి, ఊరి చివర ఒక పాత గోదాము అద్దెకి తీసుకుని, నలభై గాజు తొట్లు పెట్టి, డిస్కస్ చేపలు పెంచుతానని కూర్చుంది. పళ్లెంలా గుండ్రంగా, అప్పుడే రంగు వేసినట్టుండే చేప అది. పిల్లలు పుట్టగానే తల్లిదండ్రుల ఒంటిమీది జిగురు తిని బతుకుతాయి. నీళ్లలో కాస్త తేడా వచ్చిందా, ఆ తల్లే పిల్లల్ని గుటుక్కున మింగేస్తుంది. మొదటి రెండేళ్లూ ఆ పిల్లకి చేపపిల్లల్ని మింగించుకోవడంతోనే సరిపోయింది. మూడో ఏడు ఎనభై చేపలు చేతికొచ్చాయి. సముద్రం అవతలి కొనుగోలుదారు ఒకాయన ఫొటోలు చూసి ముచ్చటపడి, "ఈ ఎనభై పంపించు. బాగా చేరితే ప్రతినెలా తీసుకుంటాను. చేరకపోతే మళ్లీ నన్ను అడగొద్దు" అన్నాడు. తల్లి ఊరుకుంటుందా? ఈ సరుకు చెడితే తొట్లు తీసేసి బుద్ధిగా ల్యాబుకి పోతానని కూతురి చేత మాట తీసుకుంది. కాబట్టి ఎనభై చేపల మీద ఆ పిల్ల బతుకంతా ఉంది. వాటిని కట్టేది మేనమామ.

మామూలుగా గంటలు చెప్పేది విమాన సరుకుల ఆఫీసులో ఉండే గుమాస్తా. చీటీ మీద ఒక అంకె వేసి పంపుతాడు, మామయ్య ఆ అంకెకి కడతాడు. ఆ వారం గుమాస్తా సెలవులో ఉన్నాడు. అతని కుర్చీలో కూర్చున్న కొత్తమ్మాయి పెట్టెలకి చోటైతే రాసుకుంది కానీ, గంటల చీటీ అనే ఆచారం ఒకటుందని ఆమెకెవరు చెప్తారు? "గంటలు నేను చూస్తాలేవే, అదేమన్నా బ్రహ్మవిద్యా?" అన్నాడు మామయ్య మేనకోడలితో.

చూశాడు కూడా. ఫోన్‌లో మన విమానాశ్రయం పేరు, ఆ ఊరి విమానాశ్రయం పేరు పక్కపక్కన కొట్టాడు. క్షణంలో జవాబొచ్చింది. దూరం నాలుగు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు. ప్రయాణ సమయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. కింద పటం మీద ఈ చివర నుంచి ఆ చివరకి విల్లులా వంగిన గీత. ఎంత ముచ్చటగా ఉందని ఇంటావిడకి కూడా చూపించాడు. దానికి వ్యాను రెండు గంటలు కలిపాడు. ఎక్కేముందు పడిగాపులు ఆరు. దిగాక తనిఖీలు నాలుగు. తన భయం కోసం ఇంకో ఆరు. ఇరవై నాలుగు గంటల కట్టు. సంచికి నాలుగు చేపలు, ఇరవై సంచులు.

కట్టే రోజు పొద్దున్నే గోదాములో ఇద్దరూ పనిలో దిగారు. రెండు రోజులుగా చేపలకి మేత మాన్పించి ఉంచారు. ఖాళీ కడుపుతో పోతేనే నీళ్లు చెడవు. మేనకోడలు చేపని వలతో తీసి ఇస్తుంటే, మామయ్య సంచిలో వేసి, పాత గాలి పిండేసి, సిలిండరు గొట్టం పెట్టి బుస్సుమనిపించి, మూతి బిగించి పక్కన పెట్టడం. మాటల్లేవు. పదకొండుకల్లా ఇరవయ్యో సంచి అయిపోయింది. నడుం పట్టేసి, "కాస్త స్నానం చేసి భోంచేస్తాను. వ్యాను పన్నెండుకి కదా, పెట్టెల్లో పెట్టించెయ్" అని ఇంటికొచ్చాడు. తిన్నాడు. హాయిగా నిద్రపోయాడు. ఆ నిద్ర తల్చుకుంటే తర్వాత ఆయనకే ఒళ్లు మండేది.

సాయంత్రం నాలుగింటికి ఇంటావిడ ఒక కాగితం తెచ్చి ఇచ్చింది. "వ్యాను డ్రైవరు ఇచ్చి వెళ్లాడు. రసీదట, అమ్మాయికి ఇవ్వమన్నాడు." మామయ్య కళ్లజోడు పెట్టుకుని చూశాడు. పెట్టెలు ఐదు. బరువు సరిగ్గానే ఉంది. ఊళ్ల పేర్ల దగ్గర ఆగిపోయాడు. ఉండాల్సినవి రెండు. ఉన్నవి మూడు.

ఆఫీసుకి ఫోన్ చేశాడు. కొత్తమ్మాయి ఎత్తింది.

"అమ్మా, మధ్యలో ఇంకో ఊరు రాసుంది. పొరపాటు పడిందేమో చూడు."

"పొరపాటు కాదండీ. పెట్టెలు అక్కడ దిగి, పదిహేను గంటలు ఆగి, ఇంకో విమానం ఎక్కాలి. ఆ విమానం ఏడు గంటలు."

"నేరుగా పోయే విమానం ఉండగా అలా ఎందుకు వేశారు?"

"నేరుగానా? ఆ రెండూళ్ల మధ్య నేరుగా విమానం ఎప్పుడూ లేదండీ."

"ఫోన్‌లో ఆరు గంటల ఇరవై నిమిషాలని ఉందమ్మా. నా కళ్లతో చూశాను."

ఆ పిల్లకి జాలి కలిగినట్టుంది, గొంతు తగ్గించింది. "అది దూరాన్ని వేగంతో భాగించి చెప్తుందండీ, అంతే. ఏ రెండూళ్లు కొట్టినా చెప్తుంది. విమానం ఉందో లేదో దానికి అక్కర్లేదు."

అన్నీ కలిపితే ఎంతవుతుందని అడిగాడు. కట్టినప్పటినుంచి విప్పేదాకా నలభై ఒక్క గంటలు. వెనక్కి తెప్పించడానికి లేదా? లేదు, తనిఖీ దాటి లోపలికి వెళ్లిపోయాయి. మధ్య ఊళ్లో ఎవరైనా విప్పి గాలి పట్టిస్తారా? అక్కడ పెట్టె ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు. "చేపలా అండీ?" అని అడిగింది ఆ పిల్ల చివరికి. "చేపలేనమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.

ముప్పై నాలుగేళ్లలో ఆయన చేతిలో చేపలు చావలేదని కాదు. చచ్చాయి. విమానాలు ఆలస్యమయ్యాయి, ఎండకి పెట్టెలు కాగాయి. కానీ అవన్నీ ఎవరో చేసినవి. ఇది తను చేసింది. గీత గీసి చూపిస్తే నమ్మాడు. ఆకాశంలో దారి ఉంటే ఆ దారిన పోయేవాడొకడు ఉంటాడనుకున్నాడు. పైగా దాన్ని ఇంటావిడకి చూపించి మురిసిపోయాడు కూడాను.

వెంటనే మేనకోడలికి చెప్పేసి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. చెబితే ఏం చేస్తుంది, ఏడుస్తుంది, అంతేగా అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. నిజమేమిటంటే భయం. ఆరింటికి ఆమే ఫోన్ చేసింది. "మామయ్యా, పెట్టెలు లోపలికి వెళ్లాయట" అంది. ఎందుకో గొంతులో తొందర. "మంచిదేగా" అన్నాడు ఆయన. "మంచిదే" అంది ఆమె. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదని వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నుంచీ గడియారం ముందు కూర్చున్నాడు. ఇంటావిడ కాఫీ పెట్టింది, తాగలేదు. తొమ్మిదైంది. ఇప్పుడు సంచిలో గాలి సగానికి వచ్చి ఉంటుంది. పదైంది. నీళ్లు కాస్త చిక్కబడి ఉంటాయి. చేపలు మూల చేరి రెప్పల్లేని కళ్లతో ఒకదాన్నొకటి చూసుకుంటుంటాయి. "ఏమైందో చెప్పండి, నాకు కంగారుగా ఉంది" అంది ఇంటావిడ. చెప్పాడు. ఆవిడ ఒక్క మాట కూడా దెప్పలేదు. ఎప్పుడూ దెప్పే మనిషి ఊరుకుందంటే ఆయనకి ఇంకా భయం వేసింది. "వెళ్లి దానితో చెప్పండి" అంది. "ఇంకొకళ్ల నోటివెంట వింటే మీ మొహం చూడదు."

సరిగ్గా పదకొండైంది. తను కట్టిన కట్టు గడువు ఇక్కడితో సరి. ఇంకా పదిహేడు గంటలుంది. చెప్పులేసుకుని బయల్దేరాడు.

గోదాము తలుపు తీసే ఉంది. మేనకోడలు ఖాళీ తొట్టి అద్దం గీకి కడుగుతోంది. ఆయన నిలబడే చెప్పాడు, కూర్చుంటే చెప్పలేనని. ఫోన్‌లో చూసింది, గీత, ఆరు గంటల ఇరవై నిమిషాలు, మూడో ఊరు, నలభై ఒక్క గంటలు. "నీ చేపల్ని నేను చంపేశానే" అన్నాడు.

ఆమె స్పాంజి కింద పెట్టింది. ఏడవలేదు. తిట్టనూ లేదు. తల దించుకుని, "నాకు తెలుసు మామయ్యా" అంది.

"ఏం తెలుసు?"

"నిన్న డ్రైవరు కాగితాలతో పన్నెండింటికి ముందే వచ్చాడు. మూడూళ్లుండటం చూసి ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడెవరో మగమనిషి ఎత్తి, నలభై ఒక్క గంటలన్నారు. సంచులు విప్పేశాను. ఒక్కో దాంట్లోంచి ఒక చేప తీసేసి, మూడేసి ఉంచి, మళ్లీ గాలి పట్టించి కట్టాను. పద్నాలుగు సంచులు చేయగలిగాను. ఇక డ్రైవరు ఆగనన్నాడు. ఆరు సంచులు నువ్వు కట్టినట్టే వెళ్లాయి, నాలుగేసి చేపలతో. తక్కువ వస్తున్నాయని కొనేవాళ్లకి కూడా చెప్పాను."

మామయ్య వెనక గదిలోకి నడిచాడు. మూల తొట్టిలో పద్నాలుగు చేపలు. నిన్న ఒక్కొక్కటీ తన చేతుల మీదుగా సంచుల్లోకి పోయినవే. ఆయన్ని చూసి, మేత వేస్తాడేమోనని అద్దం దగ్గరికి గుంపుగా వచ్చాయి. ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. ముప్పై నాలుగేళ్లలో తను బిగించిన మూతిని ఇంకొకళ్లు విప్పి కట్టడం ఇదే మొదలు.

"నాకు ఒక్క ఫోన్ చేయొచ్చు కదా? పది నిమిషాల దూరంలో ఉన్నాను."

"పోయిన నెల నువ్వు కట్టిన ఓ సంచిలో నీళ్లు ఎక్కువయ్యాయేమో అన్నందుకు నాలుగు రోజులు ఇటు రాలేదు నువ్వు" అంది ఆమె. "లెక్కే తప్పిందంటే ఇక ఎప్పటికీ రావేమోనని భయమేసింది."

నాలుగు రోజులు కాదు, ఐదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఆ ఆరింటిలో పెద్ద చేపలేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. "ఉన్నాయి" అంది. "పెద్ద ఎర్రవన్నీ అందులోనే." పెద్ద చేప ఎక్కువ గాలి తాగుతుంది. ఇరవై నాలుగు చేపలు ఒక్కసారిగా పోతే మిగతావి ఎంత బాగున్నా కొనేవాడు ఏమంటాడో ఇద్దరికీ తెలుసు. సాయంత్రం దాకా ఆయన అక్కడే ఉన్నాడు. కడగాల్సిన తొట్లన్నీ కడిగాడు, అక్కర్లేనివి కూడా కడిగాడు.

మూడో రోజు పొద్దున్న ఏడింటికే వచ్చేశాడు. లెక్క ప్రకారం పెట్టెలు అవతల చేరి మూడు గంటలై ఉండాలి. మేనకోడలు ఫోన్‌ని బల్ల మీద పెట్టి, దాని ఎదురుగా కూర్చుని ఉంది. మొహం పీక్కుపోయింది. ఎనిమిదైంది. ఎవరో సబ్బులు కొంటారా అని ఫోన్ చేశారు. ఆ మనిషి జన్మలో అన్ని తిట్లు తిని ఉండడు. ఎనిమిదిన్నరకి మళ్లీ మోగింది. కొనుగోలుదారే. ఆమె స్పీకరు నొక్కింది.

"చేరాయమ్మా. బాగున్నాయి. కాస్త నీరసంగా ఉన్నాయి కానీ బాగున్నాయి. ఒక్క సంచి మాత్రం పోయింది. మూతి దగ్గర గాలి కారిపోయి, దిగేసరికి చప్పబడి ఉంది. ఒక సంచి ఫర్వాలేదులే, కట్టేవాళ్లకి చెప్పు, అంతే. ఫొటో పంపుతున్నాను. ఇంత దూరం ఇలా రావడమే గొప్ప. వచ్చే నెలకి వంద సిద్ధం చెయ్."

ఫోన్ పెట్టాక ఆ పిల్ల రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రెండూనేమో. అంతలో ఫొటో వచ్చిన చప్పుడు. ఆమె ఫోన్ తీసి, చూడబోయి, ఆయన చేతిలో పెట్టేసింది. "నువ్వు చూడు మామయ్యా. చచ్చినవాటిని నేను చూడలేను. నాదో నీదో చూసి చెప్పు. నాదైతే మాత్రం ఇక జన్మలో మూతి కట్టను."

మామయ్య కళ్లజోడు సర్దుకుని చూశాడు. ఫొటో స్పష్టంగా ఉంది. చప్పబడ్డ సంచి, అడుగున వెల్లకిలా పడ్డ చేపలు. మూడు. సంచి మెడ మెలిపెట్టి ఒక్కసారే మడిచి రబ్బరు బ్యాండు చుట్టారు. ఆయన ఎప్పుడూ రెండుసార్లు మడుస్తాడు. మొదటి మడత గాలిని ఆపుతుంది, రెండోది ఆ మడతని ఆపుతుంది. ఆ తొందరలో, డ్రైవరు అరుస్తుంటే, ఒంటి చేత్తో ఈ పిల్లకి ఒక మడత వేయడమే ఎక్కువ.

అంటే ఆయన కట్టిన ఆరూ నిలిచాయి. ఇరవై నాలుగు గంటలకని కట్టినవి, నలభై ఒక్క గంటలు, పెద్ద చేపల్ని మోసుకుని, ఒక్కటి కూడా పోకుండా నిలిచాయి. ఇంతటి పని తన జీవితంలో చేయలేదు. ఈ సంగతి చెప్తే చేపల వాళ్లంతా పదేళ్లు చెప్పుకుంటారు. ఆయన గుండె ఒక్క క్షణం పొంగింది. అబద్ధమెందుకు, బాగా పొంగింది.

ఎదురుగా మేనకోడలు ఆయన మొహంకేసే చూస్తోంది.

"నాదే" అన్నాడు. వేలితో నొక్కి ఆ ఫొటో తీసేసి, ఫోన్ ఆమెకిచ్చేశాడు. "ఒక మడతే వేశాను. వయసు మీద పడుతోంది, చెయ్యి తడబడింది. రెండు మడతలు వేయాలి. ఇలా రా, చూపిస్తాను."

ఖాళీ సంచి ఒకటి తీసి, కొంచెం నీళ్లు పోసి, గాలి పట్టించి, మెడ మెలిపెట్టాడు. వెనక్కి మడిచాడు. మళ్లీ మడిచాడు. రబ్బరు బ్యాండు చుట్టి సంచిని తలకిందులు చేసి పట్టుకున్నాడు. ఒక్క చుక్క కారలేదు. విప్పేసి ఆమె చేతికిచ్చాడు. ఆమె మెలిపెట్టి, మడిచి, మళ్లీ మడిచి కట్టింది. బాగా కుదిరింది.

"నేను కట్టినవన్నీ బతికాయన్నమాట" అంది, ఇంకా నమ్మకం కుదరనట్టు.

"అన్నీ."

ఆమె సంచిని తలకిందులు చేసి చూస్తూ, "నీ సంచిలో ఎన్ని పోయాయి మామయ్యా?" అని అడిగింది.

"నాలుగు" అన్నాడు గాలి మామయ్య.